‘పెట్రోలు సందు’ చిత్రకారుడు ఫ్రాంక్ కింగ్

పొద్దున చదివిన దినపత్రిక సాయంత్రానికి పచారీ కొట్టులో పొట్లమవుతుంది. లేదా వంటింటి అలమరలో డబ్బాల కిందికి పోతుంది. అటువంటి కాగితం మీద నలభై ఏండ్ల పాటు ఒకే కుటుంబపు కథను రోజుకు నాలుగు గళ్ల చొప్పున చెప్పుకొంటూ వెళ్లిన అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ కింగ్. ఆ కథలో గుమ్మం ముందు దొరికిన పసిబిడ్డ బడికి వెళ్లాడు, యువకుడయ్యాడు, యుద్ధానికి వెళ్లివచ్చాడు, పెండ్లి చేసికొని తానూ తండ్రి అయ్యాడు. ఇదంతా పాఠకుల ఇండ్లలోని కాలంతో సమానంగా, ఏడాదికి ఏడాదిగా జరిగినది. అయినా కింగ్ 1969లో కన్నుమూసే నాటికి ఆ కథను మొదటినుండి వరుసగా చదువుకొనే వీలు కల్పించిన పుస్తకం ఒక్కటి కూడా లేదు. ఆ పని మొదలు కావడానికి మరి ముప్ఫై ఆరు సంవత్సరాలు పట్టినది.

ఫ్రాంక్ ఆస్కార్ కింగ్ 1883 ఏప్రిల్ 9న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కాష్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. బాల్యమంతా సమీపంలోని టోమా పట్టణంలో గడిచినది. తల్లిదండ్రులు అక్కడ ఒక దుకాణం నడిపేవారు. ఉప్పు నుండి ఉలి వరకు అన్నీ దొరికే అంగడికి ఊరంతా వస్తుంది. వచ్చినవారు సరుకుతో పాటు కబుర్లూ మూట కట్టుకొని వెళతారు. తరువాతి కాలంలో కింగ్ బొమ్మలలో కనిపించిన తీరిక మాటలు, ఇరుగుపొరుగు ఎత్తిపొడుపులు, చిన్న చిన్న పట్టుదలలు ఆ వాతావరణంలో పుట్టి పెరిగినవాని చేతికే పట్టుబడేవి అనిపిస్తుంది.

చిన్ననాట ఆయన సంతలలో జరిగే చిత్రలేఖన పోటీలలో పాల్గొనేవారు. ఒక హోటలులో బూట్లకు పాలిష్ చేసే పనివానికి నామఫలకం వేసి ఇచ్చినందుకు దక్కిన కూలి ఇరవై ఐదు సెంట్లు మాత్రమే. కాని దానిని ఊరూరా తిరిగే ఒక వ్యాపార ప్రతినిధి చూశాడు. అతని కుమారుడు మినియాపొలిస్ నగరంలో పత్రికా సంపాదకుడు. ఆ పరిచయంతో కింగ్ మినియాపొలిస్ టైమ్స్ పత్రికలో వారానికి ఏడు డాలర్ల జీతానికి చేరారు. ఫోటోలకు మెరుగులు దిద్దడం, న్యాయస్థానానికి వెళ్లి నిందితుల రూపురేఖలు గీసి తేవడం వంటి పనులన్నీ చేశారు. నాలుగేండ్ల తరువాత ఆ కొలువు విడిచేసరికి జీతం రెండింతలయినది. అటుపిమ్మట చికాగో చేరి లలితకళల అకాడమీలో రెండేండ్లు చదివారు. ఒకటి రెండు పత్రికలు మారి, 1909లో చికాగో ట్రిబ్యూన్‌లో కుదురుకొన్నారు. 1911లో తమ టోమా పట్టణానికే చెందిన డెలియా డ్రూను వివాహమాడారు. 1916లో వారికి రాబర్ట్ అనే కుమారుడు కలిగాడు. ఈ పిల్లవానిని గుర్తుంచుకోవాలి. కథలో మళ్లీ వస్తాడు.

ట్రిబ్యూన్‌లో ఆయన 1915 నుండి పగటికలలు కనే బాలుని మీద ఒక రంగుల బొమ్మల సీరియల్ నడిపారు. ఆదివారాలలో ‘ది రెక్టాంగిల్’ అనే పెద్ద నలుపు తెలుపు పేజీని అనేక చిన్న బొమ్మలతో నింపేవారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి రెండు వారాలు కూడా గడవకముందే, 1918 నవంబరు 24న, ఆ పేజీలో ఒక మూల నలుగురు మగవాళ్లు ఇండ్ల వెనుక సందులో కారు చుట్టూ చేరి మాట్లాడుకొంటున్న బొమ్మ వెలువడినది. వారి పేర్లు వాల్ట్, డాక్, ఏవరీ, బిల్. పెట్రోలును అమెరికాలో గాసొలీన్ అంటారు గనుక ఆ మూలకు ‘గాసొలీన్ ఆలీ’ అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే పెట్రోలు సందు.

ఫోర్డ్ కంపెనీ చౌకకార్లు సామాన్యుల ఇండ్లకు చేరుతున్న రోజులవి. నిన్నటిదాకా గుర్రపు డొక్కు బండి తోలినవాడు నేడు ఇంజను మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తున్నాడు. ఏ చక్రం ఎందుకు శబ్దం చేస్తున్నదో, ఎవరి బండి గాలనుకు ఎన్ని మైళ్లు నడుస్తున్నదో అనే చర్చకు అంతు లేదు. మొదటి ట్రాక్టరో, మొదటి మోటారు సైకిలో ఊరిలోకి వచ్చిన నాటి రచ్చబండను ఎరిగినవారికి ఈ దృశ్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు. పాఠకులకు అది నచ్చినది. 1919 ఆగస్టు 25 నుండి ‘పెట్రోలు సందు’ ప్రతిదినం వెలువడే బొమ్మల కథ అయినది. 1920 అక్టోబరులో ఆదివారపు రంగుల పేజీ కూడా తోడయినది.

ఆ నలుగురిలో వాల్ట్ వాలెట్ బొద్దుగా, నెమ్మదిగా, మంచితనం ముఖంలోనే కనిపించే బ్రహ్మచారి. కింగ్ తమ బావమరది వాల్టర్ డ్రూను మనసులో పెట్టుకొని అతనిని గీశారు. మిగిలిన ముగ్గురూ సంసారులు. భార్యల మీద విసుర్లు వారివి, స్వేచ్ఛాజీవిననే ధీమా వాల్ట్‌ది.

చికాగో ట్రిబ్యూన్ యజమానులలో ఒకరు జోసెఫ్ మెడిల్ పాటర్సన్. బొమ్మల కథలు పత్రికను ఇంటింటా నిలబెడతాయని గట్టిగా నమ్మిన మనిషి ఆయన. కార్ల ముచ్చట్లు మగవారికే పరిమితమవుతున్నాయని, స్త్రీలు కూడా చదవాలంటే కథలోకి ఒక పసిబిడ్డ రావాలని పాటర్సన్ ఆదేశించారు. బిడ్డ రావడానికి వాల్ట్‌కు పెండ్లి కాలేదు. హడావుడిగా పెండ్లి చేసినా కథ తొమ్మిది నెలలు ఆగదు. కింగ్ కనుగొన్న ఉపాయం సులువైనదే. 1921 ఫిబ్రవరి 14న, అమెరికన్లు ప్రేమికుల దినంగా జరుపుకొనే రోజున, వాల్ట్ ఇంటి గుమ్మం ముందు ఎవరో ఒక బుట్టలో పసివానిని వదిలివెళ్లారు.

యజమాని లెక్క అమ్మకాలది. ఆ లెక్క నుండి కింగ్ తీసిన కథ వేరు. పాలసీసా ఎలా పట్టాలో తెలియని ఒంటరి మగవాడు అర్ధరాత్రి లేచి బిడ్డను భుజాన వేసికొని గదిలో పచార్లు చేయడం, కారు గురించి తప్ప మరి దేని గురించీ దిగులు పడనివాడు చంటివాని జ్వరానికి కుంగిపోవడం దినపత్రిక పాఠకులకు కొత్త. బిడ్డకు స్కీజిక్స్ అని ముద్దుపేరు పెట్టారు. తల్లిలేని లేగదూడను పశువుల కాపరులు పిలిచే మాట అది.

బిడ్డ వచ్చిన తరువాతనే కింగ్ ఎదుట అసలు ప్రశ్న నిలిచినది. బొమ్మల కథలలో పిల్లలు పెరగరు. యాభై ఏండ్లయినా అదే లాగు, అదే అల్లరి. మన దేశంలో 1964 నుండి ఇంద్రజాల్ కామిక్స్ పుస్తకాలలో కనిపించిన ఫాంటమ్‌కు గాని, మాంత్రికుడు మాండ్రేక్‌కు గాని ఒక్క తల వెంట్రుకయినా నెరిసిన గుర్తు పాఠకులకు ఉండదు. కింగ్ ఆ ఆనవాయితీని పాటించలేదు. స్కీజిక్స్ నెల గడిస్తే నెల, ఏడు గడిస్తే ఏడు పెరిగాడు. పారాడాడు, నడిచాడు, పండ్లూడాయి, బడిలో చేరాడు. ఇంట్లో రాబర్ట్ ఎదుగుతుంటే తండ్రి గమనించిన పిల్లల చేష్టలు, వంకరటింకర మాటలు అన్నీ స్కీజిక్స్‌లోకి చేరాయి. పిల్లవాడు పెరిగితే పెద్దలకూ వయసు రాక తప్పదు. వాల్ట్ నడుము మందమయినది, జుట్టు పలచబడినది. ఇది ముందుగా గీసికొన్న పథకమని చెప్పడానికి లేదు. ఒక్క బిడ్డను నిజంగా పెరగనిచ్చినందువల్ల సందు మొత్తానికి గడియారం తగులుకొన్నది.

కథలో పెద్ద మలుపులూ ఉన్నాయి. ఆక్టేవ్ అనే సంగీత విద్వాంసురాలు స్కీజిక్స్ కన్నతల్లిగా తేలినది. పెంచినవాని పక్షమా, కన్నదాని పక్షమా అనే పెనుగులాట నెలల తరబడి సాగినది. కాని కింగ్‌కు చేయి తిరిగిన చోటు ఈ నాటకీయత అని చెప్పలేము. ఏ విశేషమూ లేని మంగళవారం ఒకటి ఉంటుంది. వాల్ట్ కంచె బాగు చేస్తుంటాడు, పిల్లవాడు మేకులు అందిస్తుంటాడు, నాలుగవ గడిలో వాన మొదలవుతుంది. అంతే. ఆనాటి పత్రికలో అది ఒక చిన్న నవ్వు. అటువంటివి మూడు వందలు వరుసగా చదివినప్పుడు ఒక సంవత్సరం గడిచిన బరువు తెలుస్తుంది.

ఒక లోపాన్ని దాచరాదు. వాల్ట్ ఇంట పనిచేసే రేచెల్ అనే నల్లజాతి స్త్రీని కింగ్ ఆనాటి తెల్లవారి పత్రికలలో చెలామణి అయిన ఎగతాళి రూపంలోనే గీశారు, మాటలు కూడా ఆ ధోరణిలోనే పలికించారు. ఆమెకు తెలివి, ఇంటిమీద అధికారం ఇచ్చిన మాట నిజమే. కాని ఆ ముఖం గీసిన తీరు నేటి పాఠకుని నొప్పించక మానదు. ఇరుగుపొరుగుల మనసులను అంత సూక్ష్మంగా పట్టుకొన్న చేయి ఇక్కడ మాత్రం చుట్టూ ఉన్న అలవాటును దాటలేదు.

1926 జూన్ 24న వాల్ట్, ఫిలిస్ బ్లాసమ్ అనే ఆమెను పెండ్లాడాడు. అప్పటికి వారి పరిచయం పత్రికలోనే ఏండ్ల తరబడి సాగినది. 1928లో వారికి కార్కీ అనే కొడుకు పుట్టాడు. 1935లో వాల్ట్ కారు పక్కమెట్టు మీద మరొక అనాథ శిశువు, ఈసారి ఆడబిడ్డ, దొరికినది. ఆమె పేరు జూడీ. దొరికిన ఇద్దరు, కన్న ఒక్కడు. ఈ ముగ్గురి మధ్య తేడా ఎంచని ఇల్లు అది. స్కీజిక్స్‌కు 1942 ఫిబ్రవరిలో ఇరవై ఒక్క సంవత్సరాలు నిండాయి. అప్పటికి అమెరికా రెండవ ప్రపంచయుద్ధంలోకి దిగి రెండు నెలలయినది. పత్రిక చదివే ఇండ్లలోని కుర్రవాళ్లు ఏ వయసులో సైన్యానికి పోతున్నారో స్కీజిక్స్‌దీ అదే వయసు. అతడూ వెళ్లాడు, ఉత్తర ఆఫ్రికా రంగంలో పనిచేశాడు. ఇరవై ఏండ్ల క్రితం బుట్టలో చూసిన పసివాడు యుద్ధభూమిలో ఉంటే, తమ సొంత కొడుకు జాబు కోసం ఎదురుచూసే తల్లులు మరునాటి గళ్ల కోసమూ ఎదురుచూశారు. 1944 జూన్‌లో అతడు బాల్యస్నేహితురాలు నీనా క్లాక్‌ను పెండ్లాడాడు. మరుసటి ఏడాది వారికి కొడుకు పుట్టాడు. యుద్ధం ముగిసిన తరువాత ఒక మిత్రునితో కలిసి చిన్న మరమ్మతుల దుకాణం పెట్టుకొన్నాడు. కారు మరమ్మతుల సందులో మొదలైన కథకు అది తగిన చోటే.

ఆదివారపు పేజీల సంగతి వేరు. రోజువారీ గళ్లలో మాటలు ముందుంటే, ఆదివారం రంగులు ముందుండేవి. వాల్ట్, స్కీజిక్స్ శరత్కాలంలో రాలిన ఆకుల మధ్య నడుస్తూ పోవడం కింగ్ ఏటేటా ఇష్టంగా గీసిన విషయం. కొన్ని పేజీలలో ఆయన మొత్తం వీధినో, సముద్రతీరాన్నో పైనుండి చూసినట్లు ఒకే పెద్ద చిత్రంగా గీసి, దానినే పన్నెండు గళ్లుగా విభజించేవారు. ప్రతి గడిలో వేరొక సంభాషణ, వేరొక క్షణం. దూరంగా పట్టుకొని చూస్తే అంతా ఒకే స్థలం. కొన్నిసార్లు చెక్కమీద చెక్కి అచ్చొత్తిన బొమ్మల తీరును అనుకరించారు. 1930లో వాల్ట్‌నూ పిల్లవానినీ ఆధునిక చిత్రకళా ప్రదర్శనకు తీసుకువెళ్లి, అక్కడి చిత్రాల లోపలికే నడిపించారు. ఇంటిల్లిపాదీ పేజీని నేలమీద పరచి చుట్టూ కూర్చొని చూసే రోజులవి. అంత పెద్ద కాగితం మీద మాత్రమే ఈ ప్రయోగాలు సాధ్యపడ్డాయి.

దినదినమూ సాగే కుటుంబ కథలకు ఇంగ్లీషులో సోప్ ఒపేరా అనే పేరు స్థిరపడినది. 1930లలో రేడియో ధారావాహికల ఖర్చును సబ్బుల కంపెనీలు భరించినందున ఆ పేరు వచ్చినది. ఆ కోవలో మొదటిదిగా చెప్పుకొనే రేడియో నాటకం ‘పెయింటెడ్ డ్రీమ్స్’ 1930 అక్టోబరులో చికాగోలోని డబ్ల్యు.జి.ఎన్. కేంద్రం నుండి ప్రసారమయినది. ఆ కేంద్రం యజమాని చికాగో ట్రిబ్యూన్ పత్రికయే. అంటే సబ్బు నాటకం పుట్టిన ఇంటిలోనే, అంతకు పదేండ్ల ముందునుండి బొమ్మల రూపంలో ఆ విద్య సాధన అవుతున్నది. ట్రిబ్యూన్‌లోనే 1917 నుండి సిడ్నీ స్మిత్ గీసిన ‘ది గంప్స్’ కూడా అటువంటి సంసార కథ. అందులో మేరీ గోల్డ్ అనే పాత్ర 1929లో మరణించినప్పుడు పాఠకులు నిజమైన చావుకు వలె శోకించారు. తరువాతి తరంలో ‘మేరీ వర్త్’, ‘రెక్స్ మోర్గన్’, ‘జూలియట్ జోన్స్ హృదయం’ వంటి బొమ్మల సీరియళ్లు ఈ బాటలోనే వచ్చాయి. వాటిలో కన్నీళ్లు, రహస్యాలు, ప్రేమకలహాలు పెరిగాయి. కింగ్ సంసారంలోని నిదానం మాత్రం వాటికి అబ్బలేదు.

కీర్తి, సంపద రెండూ వచ్చాక కింగ్ దంపతులు ఫ్లోరిడా రాష్ట్రంలో కిస్సిమ్మీ సమీపాన, సరస్సు ఒడ్డున స్థిరపడ్డారు. 1951 నుండి ఆదివారపు పేజీలను సహాయకుడు బిల్ పెర్రీకి అప్పగించారు. 1956లో డిక్ మూర్స్ సహాయకునిగా చేరి క్రమంగా రోజువారీ కథను అందుకొన్నారు. 1958 సంవత్సరానికి అమెరికా జాతీయ వ్యంగ్య చిత్రకారుల సంఘం తమ అత్యున్నత పురస్కారమైన రూబెన్ బహుమతిని కింగ్‌కు ఇచ్చినది. 1959లో ఆయన కుంచె పక్కన పెట్టారు. 1969 జూన్ 24న ఫ్లోరిడాలోని వింటర్ పార్క్‌లో, ఎనభై ఆరవ ఏట మరణించారు. వాల్ట్‌కూ ఫిలిస్‌కూ ఆయన పెండ్లి చేసిన రోజుకు సరిగా నలభై మూడు సంవత్సరాలు.

ఆయన వెనుక మిగిలినది ఎంత? వారానికి ఆరు దినాలు, నలభై ఏండ్లు అని లెక్కవేస్తే పన్నెండు వేలకు పైగా రోజువారీ కథాభాగాలు. పైన ఆదివారపు పేజీలు. ఇవన్నీ ఎక్కడున్నాయి? 1920లలో స్కీజిక్స్ పేరుతో కొన్ని పిల్లల కథల పుస్తకాలు వచ్చిన మాట నిజం. కాని అవి విడిగా కూర్చిన కథలు. పత్రికలోని క్రమం వాటిలో లేదు. సాహస కథలయితే ఒక్కొక్కటి ముగింపు ఉన్న ముక్క. పుస్తకంగా వేయడం తేలిక, అమ్మడమూ తేలిక. పెట్రోలు సందుకు ముగింపు లేదు. ఎక్కడ కోసినా మధ్యలో తెగుతుంది. ఒక్క రోజు ముక్కను విడిగా చూస్తే అందులో ఏమున్నదని ప్రకాశకుడు అడగడంలోనూ తప్పులేదు. దినాల కూడికలోనే ప్రాణమున్న రచనకు ప్రతిదినం చెత్తబుట్టలోకి పోయే కాగితం మీద బతుకు రాసిపెట్టి ఉన్నది.

గ్రంథాలయాలలోనయినా భద్రంగా ఉన్నదా అంటే, అక్కడ మరొక ప్రమాదం ఎదురయినది. అమెరికాలో అనేక గ్రంథాలయాలు చోటు చాలక పాత పత్రికల బౌండు సంపుటాలను మైక్రోఫిలిం తీయించి, అసలు కాగితాలను వదిలించుకొన్నాయి. వార్తలకు ఆ నలుపు తెలుపు ఫిలిం సరిపోవచ్చు. ఆదివారపు రంగులు దానిలో ఒక మసక బూడిదగా మిగిలాయి, సన్నని గీతలు అలుక్కుపోయాయి. దీనిని చూసి సహించలేక 1968లో బిల్ బ్లాక్‌బియర్డ్ అనే రచయిత శాన్‌ఫ్రాన్సిస్కోలోని తమ ఇంటిలోనే ‘శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్’ అనే సంస్థను నెలకొల్పారు. వ్యక్తులకు గ్రంథాలయాలు సంపుటాలు ఇవ్వవు గనుక లాభాపేక్షలేని సంస్థ అవసరమయినది. పారవేయబోయిన సంపుటాలను ఆయన ఊరూరా తిరిగి తెచ్చి, బొమ్మల కథలను కత్తిరించి, తేదీల వారీగా పేర్చారు. 1977లో మార్టిన్ విలియమ్స్‌తో కలిసి ఆయన సంకలనం చేసిన స్మిత్‌సోనియన్ సంస్థ గ్రంథంలో పెట్రోలు సందు భాగాలు కొన్ని వెలుగు చూశాయి. 1998 నాటికి ఆయన సేకరణ ఓహియో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చేరినది. దాని బరువు 75 టన్నులు. తరలించడానికి ఆరు పెద్ద లారీలు కావలసివచ్చాయి.

కింగ్ రోజువారీ కథలను రక్షించినది మాత్రం పేరులేని గృహస్థుల కత్తెరలు. తెలుగు ఇండ్లలో వారపత్రికల సీరియల్ పేజీలను వారం వారం చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకొన్న అమ్మమ్మల వంటివారు అక్కడా ఉన్నారు. ప్రతి ఉదయం నాలుగు గళ్ల ముక్కను కత్తిరించి పెట్టెలో పెట్టేవారు, లేదా పాత లెక్కల పుస్తకంలో అంటించేవారు. వారి తదనంతరం ఆ కట్టలు పాత సామాను వర్తకుల చేతికి వచ్చాయి. జో మ్యాట్ అనే వ్యంగ్య చిత్రకారుడు వాటిని ఒక్కొక్కటిగా కొని, సంవత్సరాల తరబడి ఖాళీలు పూరించుకొంటూ వచ్చారు. దొరకని ఒక్క వారం కోసం ఎంత తపించిపోయేవారో ఆయన తమ స్వీయకథాత్మక బొమ్మల పుస్తకంలో తమను తామే హేళన చేసికొంటూ గీసికొన్నారు. సంపన్నుడు కాడు, ఖర్చు పెట్టడంలో పిసినారి అని తనే ఒప్పుకొన్న మనిషి. ఆ డబ్బు పాత కాగితాలకు పోసినది ఇతరులకు పిచ్చిగా తోచి ఉండవచ్చు.

ఆ కట్టల ఆధారంగానే కెనడాలోని మాంట్రియల్ నగరపు ప్రకాశకులు డ్రాన్ అండ్ క్వార్టర్లీ 2005లో మొదటి సంపుటాన్ని వెలువరించారు. ప్రకాశకుడు క్రిస్ ఒలివెరోస్, చిత్రకారుడు క్రిస్ వేర్, విమర్శకుడు జీత్ హీర్ సంపాదకులు. రూపకల్పన వేర్‌ది. 1918 నుండి కాక, స్కీజిక్స్ వచ్చిన 1921 నుండి ఆరంభించడం వారి నిర్ణయం. కథకు అసలు పుట్టినరోజు అదేనని వారి ఉద్దేశం కావచ్చు, చదివినవారు కాదనలేరు. ఒక్కొక్క సంపుటంలో రెండేసి సంవత్సరాలు. కింగ్ కుటుంబపు ఫోటోలు, ఆయన జీవిత విశేషాలు కూడా చేర్చినందున, రాబర్ట్ ఫోటో పక్కన స్కీజిక్స్ బొమ్మను పెట్టి చూసే అవకాశం పాఠకునికి కలిగినది. 2015లో వచ్చిన ఆరవ సంపుటంతో కథ 1932 చివరికి చేరినది.

ఈ పుస్తకాలను వెదికేవారు ఒక చిక్కు గమనించాలి. పత్రికలోని పేరుతో అడిగితే అవి దొరకవు. సంపుటాల పేరు ‘వాల్ట్ అండ్ స్కీజిక్స్’. ‘గాసొలీన్ ఆలీ’ అన్న పేరుతో దొరికే కొన్ని పుస్తకాలలో ఉన్నది డిక్ మూర్స్ కాలపు కథ, కింగ్‌ది కాదు. అది కూడా మంచిదే, కాని గుమ్మం ముందు బుట్ట కోసం వెదికేవారు నిరాశపడతారు. ఆదివారపు పేజీలను చూడదలచినవారికి పీటర్ మరెస్కా 2007లో పాత పత్రిక పేజీ కొలతలోనే, రంగులు సరిచేసి అచ్చువేసిన సంపుటం ఉన్నది. దానిని ఒడిలో పెట్టుకొని చదవడం సాధ్యం కాదు. నేలమీద పరచవలసిందే. 1920 నుండి 1922 వరకు ఆదివారాలను వరుసగా కూర్చిన మరొక సంపుటం 2014లో డార్క్ హార్స్ సంస్థ నుండి వచ్చినది. ఇవేవీ పల్లె గ్రంథాలయంలో కనబడే పుస్తకాలు కావు. వెల కూడా తక్కువ కాదు.

కాగితాలు వెదికి పెట్టిన జో మ్యాట్ 2023లో మరణించారు. బ్లాక్‌బియర్డ్ 2011లోనే వెళ్లిపోయారు. పత్రికలో కథ మాత్రం కింగ్ తరువాత కూడా ఆగలేదు. డిక్ మూర్స్ 1986లో మరణించేదాకా, ఆపైన జిమ్ స్కాన్కరెల్లి దానిని నడిపించారు. 2018 నవంబరులో అది నూరేండ్లు పూర్తి చేసికొన్నది. వయసు నియమాన్ని వారూ విడువలేదు, ఒక్క వాల్ట్‌ను మాత్రం నూరు దాటినా చంపడానికి చేతులు రాలేదు. ఫిలిస్‌కు ఆ మినహాయింపు దక్కలేదు. 2004 ఏప్రిల్‌లో ఆమె దినపత్రిక గళ్లలో కన్నుమూసినది. 2007లో, 1925–26 సంవత్సరాల కత్తిరింపులతో వెలువడిన మూడవ సంపుటంలో, ఆమె పెండ్లికూతురయినది.